కృత్తికల దూరం మీ లాప్‌టాప్‌లోనే కొలవండి

కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదింటప్పుడు మేడ ఎక్కి తూర్పు వైపు చూస్తే చిన్న గుంపుగా, కాస్త మసకగా కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఆ నెల పున్నమి చంద్రుడు వాటి దాపునే ఉంటాడు కాబట్టి ఆ నెలకు కార్తీకం అని పేరు. అవి మనకు ఎంత దూరంలో ఉన్నాయి? జవాబు గూగుల్‌లో ఒక్క క్షణంలో దొరుకుతుంది. అది చూడకుండా, అసలు కొలతలు తెచ్చుకుని మీరే లెక్క కట్టడం ఎలాగో ఇక్కడ చెబుతాను. టెలిస్కోప్ అక్కర్లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్, ఇంటర్నెట్, నాలుగైదు ఆదివారాలు చాలు.

కోర్సుల జాబితా పక్కన పెట్టండి

బీఎస్సీ, బీటెక్ చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆస్ట్రానమీలోకి వెళ్లాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి?" ఎవరో ఒకరు పెద్ద జాబితా చేతిలో పెడతారు. పైతాన్, ఎస్‌క్యూఎల్, లినక్స్, గిట్, స్టాటిస్టిక్స్, మెషిన్ లెర్నింగ్. ఒక్కోదానికి ఒక్కో కోర్సు కొని, మూడో వీడియో దగ్గర ఆపేసిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ లెక్కలో నేనూ ఉన్నాను.

జాబితాలో తప్పేమీ లేదు, ఆ పనులన్నీ రావాలి. చిలీలో కొండ మీద కట్టిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ కెమెరా 3,200 మెగాపిక్సెళ్లది. ఒక్క రాత్రికి దాదాపు 20 టెరాబైట్ల డేటా వస్తుంది. దాన్ని కళ్లతో చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు. కానీ ఈ పనులు విడివిడిగా నేర్చుకుంటే ఒకదానికొకటి ఎక్కడ అతుక్కుంటాయో అర్థం కాదు. ఒక చిన్న ప్రశ్న పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మీరే చేస్తే, దారిలో అవన్నీ అవసరమైనంత మేరకు వచ్చేస్తాయి. అందుకే కృత్తికలు.

ఇంకో సంగతి. ఖగోళ శాస్త్రం అంటే డేటా పని అనేది ఇప్పుడు పుట్టిన ముచ్చట కాదు. వందేళ్ల కిందట హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ ఒక అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పనిలో పాలుపంచుకుంది. తమ వంతుకు వచ్చిన ఆకాశపు పట్టీని గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి, లెక్కలు కట్టి, సంపుటాలుగా అచ్చువేశారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు! వాళ్లకు కంప్యూటర్ లేదు, ఓపిక ఉంది. మీకు కంప్యూటర్ ఉంది. ఓపిక సంగతి ఇప్పుడు చూద్దాం.

మెషీన్ సిద్ధం చేసుకోవడం

విండోస్ వాడుతుంటే అందులోనే లినక్స్ నడిపే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి. ఖగోళ సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం లినక్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిందే. టెర్మినల్‌లో ఫోల్డర్లు మారడం, ఫైళ్లు చూడడం, కాపీ చేయడం, ఒక పదం ఏ ఫైల్లో ఉందో వెతకడం వస్తే ప్రస్తుతానికి సరిపోతుంది. మిగతాది అవసరం పడ్డప్పుడు అదే వస్తుంది.

పైతాన్ వేసుకున్నాక ఈ ప్రాజెక్టుకు వేరే ఎన్విరాన్‌మెంట్ ఒకటి తయారు చేసుకోండి. ఒకే చోట అన్నీ కుక్కితే, ఆరు నెలల తర్వాత ఇంకేదో అప్‌డేట్ చేసినప్పుడు ఈ కోడ్ పనిచేయడం మానేస్తుంది. ఆ ఎన్విరాన్‌మెంట్‌లోకి నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆస్ట్రోపై, ఆస్ట్రోక్వెరీ, జూపిటర్ నోట్‌బుక్ అనే పైతాన్ ప్యాకేజీలు తెచ్చుకోండి. లాప్‌టాప్ మరీ పాతదైతే గూగుల్ కోల్యాబ్‌లోనూ ఇదంతా నడుస్తుంది. టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా దించుకోండి. పెద్ద పట్టికలను తెరిచి, మౌస్‌తోనే గ్రాఫులు గీసి చూడడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు. కోడ్ రాయడానికి బద్ధకించిన రోజుల్లో కూడా పని ఆగదు.

కోడ్ వరుసలు మాత్రం ఇక్కడ ఇవ్వడం లేదు. ఇస్తే కాపీ కొట్టి నడిపించేస్తారు, పదిహేను నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది, ఏమీ నేర్చుకోరు. ఏం చేయాలో మాటల్లో చెబుతాను, ఎలా రాయాలో ఆయా ప్యాకేజీల సహాయ పేజీల్లో ఉంటుంది. ఆ పేజీలు చదవడం అలవాటు కావడం కూడా ఈ విద్యలో భాగమే.

ఏం కావాలో ముందు కాగితం మీద రాయండి

ముక్కు ముందు బొటనవేలు పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు వెనకాల గోడ మీద అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరుంటే ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉంటే తక్కువ. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు దగ్గరి నక్షత్రాలు కూడా దూరపు నక్షత్రాల మీద ఇలాగే ఊగుతాయి. ఆ ఊగుడు కొలతే పారలాక్స్. దాన్ని మిల్లీ ఆర్క్ సెకండ్లలో చెబుతారు. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండ్, అందులో వెయ్యో వంతు ఒక మిల్లీ ఆర్క్ సెకండ్. 1,000ని ఆ సంఖ్యతో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఈ లెక్కకు కావలసిన గణితం ఇంతే.

పారలాక్స్‌ను కొలిచింది ఐరోపా అంతరిక్ష సంస్థ వాళ్ల గయా ఉపగ్రహం. 2013 డిసెంబరులో వెళ్లింది, 2025 జనవరి దాకా పరిశీలించింది. 2022 జూన్ 13న విడుదల చేసిన మూడో డేటా విడతలో దాదాపు 181 కోట్ల నక్షత్రాల వివరాలున్నాయి. ఆ పట్టిక మొత్తం ఎవరైనా, ఎక్కడినుంచైనా, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

మనకు కావలసిన కాలమ్‌లు ఇవి: నక్షత్రం గుర్తింపు సంఖ్య, ఆకాశంలో స్థానం చెప్పే రెండు అంకెలు, పారలాక్స్, దాని ఎర్రర్ (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె), నక్షత్రం ఏటా ఆకాశంలో ఎటు ఎంత జరుగుతోందో చెప్పే ప్రాపర్ మోషన్ అంకెలు రెండు, నక్షత్రం ఎంత కాంతిగా కనిపిస్తోందో చెప్పే జీ మాగ్నిట్యూడ్, నీలానికీ ఎరుపుకూ మధ్య తేడా చెప్పే రంగు విలువ, కొలత ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్‌యూడబ్ల్యూఈ. ఈ చివరిది 1.4 దాటితే ఆ నక్షత్రం జంట నక్షత్రమో, కొలతలో ఏదో తేడా వచ్చిందో అని అనుమానించాలి.

ఒక్కో కాలమ్ పక్కన దాని యూనిట్ కూడా కాగితం మీద రాసుకోండి. విసుగనిపిస్తుంది. రాయండి.

గయాను అడగడం

181 కోట్ల వరుసలను దించుకోవాలంటే వందల గిగాబైట్లు కావాలి. ఆ అవసరం లేదు. డేటా ఉన్న చోటికే మన ప్రశ్నను పంపించి, కావలసిన వరుసలు మాత్రమే తెచ్చుకుంటాం. ఆ ప్రశ్న రాసే భాష ఏడీక్యూఎల్. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, ఆకాశంలో వృత్తాలు గీసే సదుపాయం అదనం. "ఈ బిందువు చుట్టూ రెండు డిగ్రీల వృత్తంలో, జీ మాగ్నిట్యూడ్ 17 కంటే కాంతివంతమైన నక్షత్రాల పైన చెప్పిన కాలమ్‌లు ఇవ్వు" అని అడగాలి. గయా ఆర్కైవ్ వెబ్‌సైట్‌లోనే టైప్ చేయవచ్చు, పైతాన్‌లో ఆస్ట్రోక్వెరీ ద్వారా పంపవచ్చు. మొదటిసారి వెబ్‌సైట్‌లో చేసి చూసి, తర్వాత పైతాన్‌కు మారండి.

ఆకాశంలో రేఖాంశం లాంటిది రైట్ అసెన్షన్, అక్షాంశం లాంటిది డిక్లినేషన్. కృత్తికల కేంద్రం రైట్ అసెన్షన్ 3 గంటల 47 నిమిషాలు, డిక్లినేషన్ +24.12 డిగ్రీలు. ఇక్కడే మొదటి గుంట ఉంది. ఖగోళ పుస్తకాల్లో రైట్ అసెన్షన్ గంటల్లో ఉంటుంది, గయాకు డిగ్రీల్లో కావాలి. గంటకు 15 డిగ్రీలు, అంటే 56.75. గంటలనే దశాంశంగా మార్చి 3.78 అని ఇచ్చారనుకోండి, గయా ఏమీ అనదు. బుద్ధిగా జవాబిస్తుంది. మీరు మాత్రం కృత్తికను వదిలేసి ఉత్తరాభాద్ర దగ్గరకు వెళ్లి కూర్చుంటారు. ఎర్రర్ మెసేజ్ వచ్చే తప్పు మంచి తప్పు. రాని తప్పుతోనే తంటా అంతా. ఆస్ట్రోపైలో స్థానాలకూ యూనిట్లకూ ప్రత్యేక సదుపాయం ఉంది, ప్రతి అంకెకూ యూనిట్ తగిలించి ఉంచుతుంది. మొదట్లో చాదస్తంలా ఉంటుంది, అయినా అలవాటు చేసుకోండి.

రెండో గుంటలో నేనే పడ్డాను. మొదటిసారి ప్రశ్న పంపగానే జవాబు చకచకా వచ్చింది. గ్రాఫు గీశాను, లెక్క కట్టాను, రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. నక్షత్రాలు ఎందుకో పలచగా ఉన్నాయనిపించి చివరికి వరుసలు లెక్కపెడితే సరిగ్గా 2,000 ఉన్నాయి. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ప్రకృతి అంత గుండు సంఖ్యలో జవాబు చెప్పదు కదా! ఆస్ట్రోక్వెరీలో వెంటనే జవాబిచ్చే పద్ధతిలో అడిగితే 2,000 వరుసల దగ్గర కత్తిరిస్తుందని సహాయ పేజీలో రాసే ఉంది. నేను చదవలేదు. వరుసలో నిలబెట్టి తీరిగ్గా జవాబిచ్చే ఎసింక్ పద్ధతిలో అడిగితే మొత్తం వస్తాయి. అప్పటినుంచి ఏ డేటా తెచ్చుకున్నా ముందు వరుసల సంఖ్య చూస్తాను. 1,000, 2,000, 10,000 లాంటి అంకె కనిపిస్తే టెన్షన్ మొదలవుతుంది.

తెచ్చుకున్నదాన్ని పాడుచేసుకోకండి

వచ్చిన పట్టికను అలాగే ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇక దాని జోలికి వెళ్లకండి. మార్పులన్నీ కాపీ మీదే చేయండి. ఏ తేదీన, ఏ ప్రశ్న పంపితే వచ్చిందో పక్కనే చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టండి.

ఎక్సెల్‌లో మాత్రం తెరవొద్దు. గయా గుర్తింపు సంఖ్యలకు 19 అంకెల దాకా ఉంటాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుని మిగతావాటిని సున్నాలు చేస్తుంది. తెరిచి, ఊరికే సేవ్ కొట్టినా చాలు, నక్షత్రాలన్నీ పేరు లేని అనాథలవుతాయి. తర్వాత ఇంకో పట్టికతో కలపబోతే ఏదీ కలవదు, ఎందుకో తెలియదు.

దాచడానికి ఫిట్స్ ఫార్మాట్ వాడండి. ఇది 1981లో ప్రకటించిన ఫార్మాట్, ఇప్పటికీ ఖగోళ శాస్త్రం అంతా దీని మీదే నడుస్తోంది. ఫైల్ మొదట్లో హెడర్ ఉంటుంది. ఏ టెలిస్కోప్, ఏ తేదీ, ఏ యూనిట్లు అన్నీ అందులో మామూలు అక్షరాల్లో ఉంటాయి. హెడర్‌లో ఒక్కో లైను 80 అక్షరాలు. పంచ్ కార్డుల కాలం నుంచి వచ్చిన కొలత అది. ఎవరి ఫిట్స్ ఫైల్ మీ చేతికొచ్చినా బొమ్మ చూడకముందు హెడర్ చదవండి.

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్ అని పేర్లు పెట్టుకునే బాధ తప్పుతుంది. డేటాను గిట్‌లో పెట్టకండి, కోడ్‌ను మాత్రమే పెట్టండి.

లెక్క కంటే ముందు బొమ్మ

ఇప్పుడు అసలైన ఘట్టం. తెచ్చుకున్న వేల నక్షత్రాల్లో అన్నీ కృత్తికల కుటుంబానివి కావు. కొన్ని మనకూ వాటికీ మధ్యలో ఉన్నవి, చాలావరకు వాటి వెనకాల ఎక్కడో దూరంగా ఉన్నవి. సొంతవాళ్లెవరో, దారిన పోయేవాళ్లెవరో తేల్చాలి.

సగటు తీయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. ముందు ప్రాపర్ మోషన్ గ్రాఫు గీయండి. అడ్డంగా తూర్పు పడమరల కదలిక, నిలువుగా ఉత్తర దక్షిణాల కదలిక. చుక్కలను చాలా చిన్నవిగా, సగం పారదర్శకంగా పెట్టండి, లేకపోతే అంతా సిరా ఒలికినట్టు కనిపిస్తుంది. దూరపు నక్షత్రాలు పెద్దగా కదలవు కాబట్టి సున్నా చుట్టూ పెద్ద గుట్టగా పడతాయి. దానికి కిందుగా, కాస్త కుడివైపు, అడ్డంగా 20, నిలువుగా మైనస్ 45 దగ్గర ఒక చిన్న గట్టి ముద్ద విడిగా కనిపిస్తుంది. అదే పిల్లలకోడి, పిల్లలన్నింటినీ వెంటేసుకుని ఒకే వైపు నడుస్తోంది. యూనిట్ మిల్లీ ఆర్క్ సెకండ్లు, ఏడాదికి. నేను మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. వాళ్లకు చుక్కలే కనిపించాయి, అది వేరే సంగతి.

ఆ ముద్ద చుట్టూ ఒక వృత్తం గీసి, లోపలి నక్షత్రాలనే తీసుకోండి. వ్యాసార్థం 3 నుంచి మొదలుపెట్టి, 4, 5 పెట్టి కూడా చూడండి. ఎంపిక కొంచెం మారితే చివరి జవాబు ఎంత మారుతోందో నోట్ చేసుకోండి. కొన్ని వందల నక్షత్రాలు మిగలాలి. పదో, పదిహేనో మిగిలితే ఎక్కడో తప్పు జరిగింది, వెనక్కి వెళ్లండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఉంది. "కృత్తికల పారలాక్స్ 7 చిల్లర అని తెలుసు కదా, 7 నుంచి 7.7 మధ్య ఉన్నవాటినే తీసుకుని సగటు కడదాం" అనుకుంటారు. అలా చేస్తే వచ్చేది మీరు గీసిన గీతల మధ్య బిందువే, కృత్తికల దూరం కాదు. ఏది కొలవాలనుకుంటున్నారో దానితోనే ఏరకూడదు. అందుకే కదలికతో ఏరాం, పారలాక్స్‌ను ముట్టుకోలేదు.

దూరం కట్టడం

ఏరిన నక్షత్రాల పారలాక్స్‌లతో హిస్టోగ్రామ్ గీయండి. 7.35 దగ్గర నిటారైన శిఖరం కనిపిస్తుంది, అటూ ఇటూ అక్కడక్కడా కొన్ని బయటివాళ్లు. ఆర్‌యూడబ్ల్యూఈ 1.4 దాటినవాటిని, పారలాక్స్ ఎర్రర్ మరీ ఎక్కువున్నవాటిని తీసేయండి. ఈ వడపోతలో ఒక చిత్రం గమనిస్తారు: మేడ మీద నుంచి మన కంటికి బాగా కనిపించే ఆరేడు చుక్కలే గయాకు ఇబ్బంది. అంత కాంతిని కొలవడం దానికి కష్టం కాబట్టి అలాంటి నక్షత్రాల కొలతలు నమ్మకంగా ఉండవు, కొన్ని పట్టికలోనే ఉండవు. దూరం చెప్పేది మనం ఎన్నడూ చూడని మసక పిల్లలే.

మిగిలినవాటికి సగటు కాకుండా మీడియన్, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పేరిస్తే నడిమిన వచ్చే విలువ, తీయండి. బయటివాడు ఒకడు 30 పారలాక్స్‌తో దూరినా మీడియన్ చలించదు, సగటు పక్కకు ఒరుగుతుంది. 1,000ని 7.35తో భాగిస్తే 136 పార్సెక్‌లు. దాదాపు 444 కాంతి సంవత్సరాలు.

ముందు పారలాక్స్‌ల మధ్య విలువ తీసి తర్వాత భాగించాం, గమనించారా? ఒక్కో నక్షత్రానికి దూరం కట్టి ఆ దూరాల సగటు తీయకండి. కృత్తికల్లాంటి దగ్గరి గుంపులో తేడా చిన్నదే. దూరపు నక్షత్రాల దగ్గర ఇదే పద్ధతి నిండా ముంచుతుంది. ఎర్రర్ పారలాక్స్ అంత పెద్దదైతే, భాగహారం దాన్ని దూరం వైపు విపరీతంగా సాగదీస్తుంది. గయా పట్టికలో మైనస్ పారలాక్స్‌లు కూడా కోట్లలో కనిపిస్తాయి. భయపడకండి, ఫైల్ పాడవలేదు. సున్నాకు దగ్గరున్న కొలతలో నాయిజ్ కలిస్తే కొన్నిసార్లు మైనస్‌లోకి జారుతుంది. వాటిని ఏరి పారేసినా పక్షపాతమే, ఎందుకంటే ప్లస్ వైపు జారినవాటిని ఉంచుకున్నట్టవుతుంది.

మీ జవాబును మీరే అనుమానించండి

136 అని రాసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఎంత అటూ ఇటూ అన్నది కూడా చెప్పాలి.

బూట్‌స్ట్రాప్ అనే తేలికైన ఉపాయం ఉంది. మీ దగ్గర 400 నక్షత్రాలుంటే, వాటి చీటీలన్నీ ఒక డబ్బాలో వేశారనుకోండి. ఒకటి తీసి, అంకె రాసుకుని, మళ్లీ డబ్బాలోనే వేసి, ఇలా 400 సార్లు తీయండి. కొన్ని రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఆ కొత్త 400కు మీడియన్ తీయండి. ఈ తతంగం మొత్తాన్ని వెయ్యిసార్లు చేయించండి. పైతాన్‌కు ఇది చిటికెలో పని. వచ్చిన వెయ్యి మీడియన్లు ఎంత వెడల్పున పరుచుకున్నాయో చూస్తే మీ జవాబులో ఊగిసలాట ఎంతో తెలుస్తుంది. మిల్లీ ఆర్క్ సెకండ్‌లో వందో వంతు దగ్గర్లో వస్తుంది. ఫార్ములాలు బట్టీ పట్టకుండా స్టాటిస్టిక్స్ లోపలికి వెళ్లడానికి నాకు దొరికిన మంచి తలుపు ఇదే.

అంత చిన్న ఎర్రర్ చూసి పొంగిపోకండి. గయా పారలాక్స్‌లన్నీ సగటున ఒక మిల్లీ ఆర్క్ సెకండ్‌లో దాదాపు 0.02 వంతు తక్కువగా వస్తాయని గయా వాళ్లే తేల్చారు. విశ్వం అంచుల్లో ఉన్న క్వేజార్‌లకు (చాలా దూరపు గెలాక్సీల వెలుగు కేంద్రాలకు) పారలాక్స్ సున్నా రావాలి, కానీ కొంచెం మైనస్ వచ్చింది. అలా పట్టుకున్నారు. కిరాణా కొట్టు కాటా ఐదు గ్రాములు తప్పు చూపిస్తుంటే, దాని మీద వెయ్యిసార్లు తూచి సగటు తీసినా ఐదు గ్రాముల తప్పు పోదు. నక్షత్రాలు ఎన్ని పెంచినా ఈ 0.02 కూడా పోదు. కృత్తికల దూరంలో అది దాదాపు 0.4 పార్సెక్‌ల తేడా.

ఇది పిడివాదం అనుకునేవాళ్లు కృత్తికల చరిత్రే చూడాలి. గయా కంటే ముందు హిప్పార్కస్ అనే ఉపగ్రహం 1989లో వెళ్లింది. 1997లో దాని ఫలితాలు వచ్చాయి. కృత్తికలు 118 పార్సెక్‌ల దగ్గరున్నాయని అది చెప్పింది. తర్వాత లెక్కలు మళ్లీ సరిచూసినా 120 దగ్గరే ఆగింది, ఎర్రర్ రెండు పార్సెక్‌ల లోపే. మిగతా పద్ధతులేమో 130 దాటించాయి. హిప్పార్కస్ నిజమైతే ఆ నక్షత్రాలు మన సిద్ధాంతాలు చెప్పే కాంతి కంటే ఐదో వంతుకు పైగా మసకబారి ఉండాలి, అంటే నక్షత్రాలు ఎలా వెలుగుతాయన్న అవగాహనలోనే లోపముండాలి. ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2014లో ఖండాల దూరంలో ఉన్న రేడియో టెలిస్కోప్‌లను కలిపి కొలిస్తే 136 వచ్చింది. తర్వాత గయా కూడా అక్కడికే వచ్చింది. హిప్పార్కస్ రాసిన ఎర్రర్ రెండు, అసలు తప్పు పదహారు. మీరు ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో కట్టిన లెక్క ఆ వాదనలో ఎవరి పక్కన నిలబడిందో చూసుకోండి.

ఇంకో పరీక్ష. ప్రతి నక్షత్రం జీ మాగ్నిట్యూడ్ నుంచి 5.67 తీసేయండి. 136 పార్సెక్‌ల దూరానికి అదీ లెక్క. వచ్చిన అంకెను నిలువుగా, రంగును అడ్డంగా గీయండి. నిలువు అక్షాన్ని తలకిందులు చేయడం మరిచిపోకండి, మాగ్నిట్యూడ్ తక్కువైతే కాంతి ఎక్కువ. ఎడమ పైనుంచి కుడి కిందకు సన్నని బాట కనిపించాలి. చెల్లాచెదురుగా ఉంటే మీ ఎంపికలో బయటివాళ్లు ఎక్కువున్నారు. బాట బాగా వచ్చాక నిదానించి చూస్తే దాని మీదుగా, ముప్పావు మాగ్నిట్యూడ్ ఎత్తున, ఇంకో పలచని బాట ఉంటుంది. ఒకేలాంటి నక్షత్రాలు రెండు అంటుకుని ఒకటిగా కనిపిస్తే కాంతి రెట్టింపవుతుంది, రెట్టింపు అంటే 0.75 మాగ్నిట్యూడ్. జంటలను వెతకమని మీరు అడగలేదు, అవే కనిపించాయి.

చాట్‌బాట్ రాసిచ్చే కోడ్

వాడొద్దని చెప్పను, నేనూ వాడుతున్నాను. గ్రాఫుకు రంగులు మార్చడం, తెలియని ఎర్రర్ మెసేజ్ విడమర్చి చెప్పించుకోవడం లాంటివి బాగానే చేస్తుంది. గయా ప్రశ్న రాయమంటే మాత్రం ఒక్కోసారి లేని కాలమ్ పేర్లు సృష్టిస్తుంది, పాత విడత పట్టికను పిలుస్తుంది. కాలమ్ పేర్లను గయా ఆర్కైవ్ వివరణ పేజీలోనే సరిచూడండి. అది రాసిన ప్రతి లైను ఏం చేస్తోందో పక్కనున్నవాడికి చెప్పగలిగితే ఉంచండి, చెప్పలేకపోతే తీసేయండి.

మెషిన్ లెర్నింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చేత్తో గీసిన వృత్తం బదులు గుంపులను తనంతట తానే పట్టే పద్ధతులున్నాయి, కృత్తికల మీద అవి చక్కగా పనిచేస్తాయి. చేత్తో చేసిన ఫలితం మీ దగ్గరుంటేనే అది సరిగ్గా చేసిందో లేదో తెలుస్తుంది. కాబట్టి వరుస మార్చకండి.

ఇంకొకరి చేత నడిపించండి

నోట్‌బుక్‌లో కెర్నల్ రీస్టార్ట్ చేసి, పైనుంచి కిందకు ఒకే ఊపులో నడిపించండి. చాలామందికి ఇక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే మధ్యలో ఎక్కడో తుడిచేసిన సెల్ మీద మిగతాది ఆధారపడి ఉంటుంది. సరిచేశాక కోడ్‌ను, అవసరమైన ప్యాకేజీల జాబితాను, నాలుగు వాక్యాల రీడ్‌మీ ఫైల్‌ను గిట్‌హబ్‌లో పెట్టి ఒక స్నేహితుడికి లింకు పంపండి. మీరు ఫోన్‌లో ఏమీ చెప్పకుండా అతని లాప్‌టాప్‌లో 136 వస్తే పని పూర్తయింది. ఇంటర్న్‌షిప్‌కు అడిగేటప్పుడు నాలుగు సర్టిఫికెట్ల కంటే ఈ ఒక్క లింకుకే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

తర్వాత ఎటు?

కాంతి మార్పులు నచ్చితే నాసా వాళ్ల టెస్ ఉపగ్రహం డేటా తీసుకోండి, లైట్‌కర్వ్ ప్యాకేజీతో. వాస్ప్-18 అనే నక్షత్రాన్ని తెరిస్తే దాదాపు ప్రతి 22 గంటల 36 నిమిషాలకూ దాని కాంతి ఒక శాతం దాకా తగ్గుతుంది, ఎదురుగా గ్రహం పోతోంది కాబట్టి. టెస్ సమయాలు మాత్రం జూలియన్ తేదీలోంచి 24,57,000 తీసేసి ఇస్తారు, జాగ్రత్త. రేడియో నచ్చితే పుణె దగ్గర ఖోడద్‌లో 30 డిష్‌లతో ఉన్న జీఎంఆర్‌టీ పాత డేటాకు ఆర్కైవ్ ఉంది. అది పెద్ద పని, లినక్స్ బాగా వచ్చాక పెట్టుకోండి. 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో వాళ్ల సైట్‌లో దొరుకుతుంది.

నన్నడిగితే మాత్రం ముందు కృత్తికల పక్కింటికే వెళ్లండి. రోహిణి చుట్టూ ఇంగ్లిషు వి అక్షరంలా ఉండే గుంపు, హైయడీస్. కేంద్రం 66.75, +15.87 డిగ్రీలు. మీ కోడ్‌లో ఈ అంకెలు మార్చి నడిపించండి, సరిగ్గా రాదు. గుంపు చాలా దగ్గర, దాదాపు 47 పార్సెక్‌లు, అందుకని ఆకాశంలో విశాలంగా పరుచుకుంది, రెండు డిగ్రీల వృత్తం చాలదు. ఒకే వైపు వెళ్తున్న నక్షత్రాలు కూడా దగ్గరి నుంచి చూస్తే రైలు పట్టాల్లా ఒక బిందువు వైపు కూడుకుంటున్నట్టు కనిపిస్తాయి కాబట్టి ప్రాపర్ మోషన్ గ్రాఫులో ముద్ద చెదిరిపోతుంది. ఏరే పద్ధతి కొత్తగా ఆలోచించుకోవాలి. అది కుదిరాక రోహిణి కూడా ఆ కుటుంబంలోదేనా అని చూడండి. గయా పట్టికలో వెతికితే దొరకదు, దానికి మరీ ఎక్కువ కాంతి. తప్పని చెప్పుకున్న ఆ హిప్పార్కస్ పట్టికనే తెరవాలి. దాన్ని తర్వాత సరిచూసిన విడతలో రోహిణి పారలాక్స్ 49కి కాస్త తక్కువ ఉంటుంది. 1,000ని దానితో భాగించి, 47 పక్కన పెట్టి చూడండి.